పగటి చెరువు, రాత్రి చెరువు

హిజ్రీ సంవత్సరంలో రెండో నెల సఫర్. ఆ నెలలో వచ్చే చివరి బుధవారాన్ని హైదరాబాదు పాతబస్తీలో ఆఖరీ చహార్ షంబా అంటారు. ప్రవక్తకు చివరి జబ్బులో ఆ రోజు కాస్త నెమ్మదించిందన్న నమ్మకంతో కుటుంబాలకు కుటుంబాలు తోటలకు వెళ్ళి పచ్చగడ్డి మీద నడుస్తాయి. నీడ చూసుకుని దస్తర్‌ఖాన్ పరిచి భోంచేస్తాయి. కార్తీకం వచ్చిందంటే అదే ఊళ్ళో ఇంకొందరు ఉసిరిచెట్టు వెతుక్కుంటూ వనభోజనాలకు బయల్దేరతారు. రెండు పండుగల్లోనూ చేసే పని ఒకటే. గోడల మధ్యనుంచి బయటపడి పచ్చదనం, వీలైతే నీళ్ళు ఉన్నచోట ఒక పూట గడపడం.

తేడా అంతా వాతావరణంలో ఉంది. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే వస్తాయి, సూర్యుడి లెక్కకు 11 రోజులు తక్కువ. తెలుగు పంచాంగం రెండున్నర, మూడేళ్ళకోసారి అధికమాసం వేసి ఈ లోటు పూడుస్తుంది కాబట్టి కార్తీకం ఎప్పుడూ వానలు వెనకబట్టి, చెరువులు నిండి, ఎండ మెత్తబడిన రోజుల్లోనే పడుతుంది. హిజ్రీ లెక్కలో అధికమాసం లేదు. సఫర్ ఏటా 11 రోజులు ముందుకు జరుగుతూ సుమారు 33 ఏళ్ళలో అన్ని కాలాలనూ చుట్టి వస్తుంది. అంటే పాతబస్తీలో పుట్టిన మనిషి ఈ పండుగ పూట ముసురులో తడిసి ఉంటాడు, మే ఎండలో మాడి ఉంటాడు, డిసెంబరు చలికి శాలువా కప్పుకుని ఉంటాడు. నీళ్ళ పక్కన కూర్చోవడం ఏ కాలంలో ఎలా ఉంటుందో ఇంతకంటే చక్కగా నేర్పే పండుగ నాకు తెలియదు.

పాతబస్తీకి దగ్గర్లో ఉన్న పెద్ద నీటి ఒడ్డు మీరాలం చెరువు. దాని తూర్పున 380 ఎకరాల నెహ్రూ జూపార్కు ఉంది. 1963 అక్టోబరు 6న దాన్ని జనానికి తెరిచారు. జూ సాయంత్రం మూసేస్తారు కనక ఇక్కడ పగటి విహారమే కుదురుతుంది. డేరా వేసుకుని రాత్రి గడపాలనుకునే నగరవాసులు పడమటికి వెళ్ళి, మూసీ పుట్టే అనంతగిరి కొండలకో, ఆ దగ్గరే పడవలు తిప్పుకునే కోట్‌పల్లి జలాశయానికో చేరతారు. ఇంకా దూరం పోగలిగినవాళ్ళు కాకతీయుల నాటి లక్నవరం, పాకాల చెరువుల దాకా వెళతారు. ఎక్కడికి వెళ్ళినా అందరూ ఒక నమ్మకం వెంట తీసుకుపోతారు. నీళ్ళ పక్కన చల్లగా ఉంటుందని. అది సగమే నిజం. పగటి చెరువు వేరు, రాత్రి చెరువు వేరు. మధ్యాహ్నం భోజనానికి కూర్చోదగ్గ చోటు రాత్రి పడకకు పనికిరాదు.

ఆ సంగతికి వెళ్ళేముందు చెరువును కట్టిన తీరు చూడాలి, ఎందుకంటే ఇంజనీరింగు చరిత్రలో మీరాలం చాలా అరుదైన కట్టడం. 1799లో శ్రీరంగపట్నం మీదికి నిజాం సైన్యాన్ని నడిపించిన మీర్ ఆలం, 1804లో హైదరాబాదు దివాన్ అయ్యాడు. ఆ ఏడాదే చెరువుకు పునాది పడింది, 1806 నాటికి పూర్తయింది. టిప్పు సుల్తాన్ ఓడిపోయాక దక్కిన సొమ్ములోంచే దీనికి ఖర్చుపెట్టాడని చెబుతారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చేదాకా పాతబస్తీ తాగిన నీళ్ళు ఇవే.

మన ఊళ్ళలో చెరువు కట్ట అంటే మట్టి కట్ట. నీటి తోపుడును తన బరువుతో ఆపుతుంది కాబట్టి అడుగున బాగా వెడల్పుగా ఉండాలి. మీరాలం కట్ట అలాంటిది కాదు. సున్నంతో కట్టిన రాతిగోడ. పైనుంచి చూస్తే తిన్నగా ఉండదు. 21 అర్ధవృత్తాలు వరసగా చేతులు పట్టుకున్నట్టు, వాటి ఉబ్బులన్నీ నీళ్ళవైపు తిరిగి ఉంటాయి. ఎత్తు సుమారు 12 మీటర్లు. కమానులన్నీ ఒకే వెడల్పువి కావు. చార్మినార్ కమాను నిలువుగా లేచి పైనున్న బరువును మోస్తుంది. ఇక్కడి కమాను పక్కకు పడుకుని చెరువును మోస్తుంది. ఇలా ఎన్నో కమానులు కలిపి కట్టిన ఆనకట్టల్లో ప్రపంచంలోనే తొలితరం వాటిలో దీన్ని లెక్కిస్తారు.

ఇందులో కిటుకు ఏమిటంటే, రాయినీ సున్నాన్నీ ఎంత నొక్కినా ఓర్చుకుంటాయి, లాగితే మాత్రం విడిపోతాయి. తిన్నటి గోడను నీళ్ళు తోస్తే అది వంగబోతుంది. వంగే గోడకు ఒకవైపు నొక్కుడు, మరోవైపు లాగుడు తప్పవు. ఉబ్బిన గోడను తోస్తే ఆ తోపుడంతా వంపు వెంబడి రెండు పక్కల దిమ్మెలకు నొక్కుడుగానే చేరుతుంది. లెక్క వేసి చూద్దాం. పది మీటర్ల లోతున నీరు ప్రతి చదరపు మీటరు మీద 10 టన్నుల బలంతో తోస్తుంది. కమాను వ్యాసార్ధం 15 మీటర్లు అనుకుంటే, మీటరు ఎత్తున్న వరసలో నొక్కుడు 150 టన్నులు. గోడ మందం 2 మీటర్లు అనుకుంటే చదరపు సెంటీమీటరుకు ఏడున్నర కిలోలు. మన నల్లరాయి వెయ్యి కిలోలకు పైగా ఓర్చుకుంటుంది. అందుకే అంత సన్నటి గోడ రెండు వందల ఏళ్ళు దాటినా నిలబడి ఉంది.

ఈ లెక్కలో చెరువు ఎంత పెద్దదన్న ప్రశ్నే రాలేదని గమనించండి. గోడ మీద ఒత్తిడిని తేల్చేది లోతు మాత్రమే. గోడ వెనక నీళ్ళు పది గజాలే ఉన్నా, పది మైళ్ళు ఉన్నా ఆ పది టన్నులు పది టన్నులే. కాలేజీ చదువుకున్నవాళ్ళు కూడా దీన్ని ఓ పట్టాన ఒప్పుకోరు.

ఇక చల్లదనం సంగతికి వద్దాం. చెరువు విస్తీర్ణం ఇప్పుడు సుమారు 260 ఎకరాలని చెబుతారు. అంటే పదిన్నర లక్షల చదరపు మీటర్లు. ఎండాకాలంలో ఒక రోజు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరైందనుకుందాం. వేసవిలో దక్కను చెరువులకు ఇది పెద్ద అంకె కాదు. ఆ కాస్తే 52 లక్షల లీటర్లు! ఒక్కో లీటరు ఆవిరి కావడానికి కరెంటు లెక్కలో దాదాపు 0.68 యూనిట్ల వేడి కావాలి. మొత్తం 36 లక్షల యూనిట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ ఎనిమిది గంటలు ఆడితే గదిలోంచి తోడిపోసే వేడి సుమారు 42 యూనిట్లు. ఆ చొప్పున చూస్తే చెరువు చేసే పని 85 వేల ఏసీలు చేసే పనికి సమానం. పైగా ఏసీ లోపలి వేడిని తీసుకెళ్ళి వీధిలో పారబోస్తుంది, చెరువు అలా చేయదు.

అంత వేడి మింగేస్తే పక్కనున్న బహదూర్‌పురా ఊటీ కావాలి కదా? కాదు. చెరువు మింగే వేడిలో ఎక్కువ భాగం దాని మీద పడ్డ ఎండే. అదే 260 ఎకరాల్లో కాంక్రీటు పరిచి ఉంటే ఆ ఎండ నేలను కాల్చి, నేల గాలిని కాల్చేది. చెరువు చేసే మేలు గాలిని చల్లార్చడంకన్నా, వేడెక్కనివ్వకపోవడంలో ఎక్కువ ఉంది. అందుకే చెరువును పూడ్చి కాలనీ వేస్తే పోయేది చల్లదనం ఒక్కటే కాదు, ఆ వేడంతా కొత్తగా వచ్చి చేరుతుంది. ఈ మాట స్థలాల వ్యాపారులు బ్రోచర్లలో వేయరు.

ఒడ్డున ముఖానికి తగిలే గాలి గురించి కూడా ఒక అపోహ ఉంది. సముద్రపు ఒడ్డున పగలు నీటి మీదనుంచి నేలకు గాలి వీస్తుందని బడిలో చదువుకున్నాం కాబట్టి చెరువు దగ్గరా అదే అనుకుంటాం. అలాంటి గాలి బలంగా పుట్టాలంటే నీటి విస్తీర్ణం మైళ్ళకొద్దీ ఉండాలి. కిలోమీటరు వెడల్పు కూడా సరిగ్గా లేని చెరువుకు అంత శక్తి లేదు. మీరాలం ఒడ్డున గాలి ఎక్కువగా తగలడానికి కారణం వేరు. వానాకాలపు పడమటి గాలి బస్తీల్లో మేడలకూ నీళ్ళ ట్యాంకులకూ తగిలి తన ఊపును సగం పోగొట్టుకుంటుంది. నీటి మీద దాన్ని అడ్డగించేది ఏమీ లేదు. నునుపైన దారి దొరికి ఊపందుకుని తూర్పు ఒడ్డుకు చేరుతుంది. జూ ఉన్నది ఆ తూర్పు ఒడ్డునే. కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా చెరువుకు గాలి దిగువన, అంటే తూర్పున కూర్చోవడం తెలివైన పని. ఇది అనంతగిరి దగ్గరైనా, మరే చెరువు దగ్గరైనా పనికొచ్చే సూత్రం. ముందు గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుని తరవాత దస్తర్‌ఖాన్ పరచండి.

భోజనం ప్రస్తావన వచ్చింది కనక సద్ది గురించి నాలుగు మాటలు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విత్తుల రూపంలో ఉంటుంది. అన్నం ఉడికినా ఆ విత్తులు చావవు. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ డబ్బాలో ఉంటే అవి మేల్కొని విషం తయారుచేస్తాయి. ఆ విషాల్లో ఒకటి మళ్ళీ వేడిచేసినా పోనంత మొండిది. బగారా అన్నమైనా, బిర్యానీ అయినా చేయి కాలేంత వేడిగా దేగ్చీలోనే ఉంచాలి, లేదా త్వరగా తినేయాలి. వనభోజనాలకు పులిహోర, దద్దోజనం కట్టుకుపోయే అలవాటులో మంచి రసాయనశాస్త్రం ఉంది. పులుపు పెరిగేకొద్దీ ఆ బ్యాక్టీరియా పెరుగుదల మందగిస్తుంది. మా ఇంట్లో ప్రయాణపు పులిహోరలో చింతపండు ఒక పాలు ఎక్కువే పడుతుంది. రుచి కోసమని ఇంట్లోవాళ్ళ వాదన.

పొద్దు వాలాక లెక్క తిరగబడుతుంది.

నీటిని వేడెక్కించడం కష్టం, చల్లార్చడమూ అంతే కష్టం. ఒక ఘనపు మీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి అంతే పరిమాణం గల నల్లరాయికి కావలసినదానికి రెట్టింపు వేడి కావాలి. పైగా ఎండ నీటిలోపలికి దిగుతుంది, గాలి నీటిని కలియబెడుతుంది, కాబట్టి ఆ వేడి లోతుల్లోకి పరుచుకుంటుంది. నేల సంగతి అలా కాదు. పగటి వేడి నల్లరాతిలోకి జానెడు లోతుకు మించి పెద్దగా దిగదు. అందుకని రాయి పైపొర మధ్యాహ్నానికి సలసలా కాగి, రాత్రికి చల్లారుతుంది. చెరువు నీరు మాత్రం పగలూ రాత్రీ ఒకటి రెండు డిగ్రీల తేడాతోనే గడిపేస్తుంది. డిసెంబరు తెల్లవారుజామున హైదరాబాదు చుట్టుపక్కల గాలి 14, 15 డిగ్రీలకు దిగితే నీరు అంతకంటే ఎన్నో డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చటి నీటి ఆవిరి చల్లగాలిలో కలిసి చిక్కబడి చెరువు పొగలు కక్కుతున్నట్టు కనిపిస్తుంది. జనం దాన్ని చూసి నీళ్ళెంత చల్లగా ఉన్నాయోనని వణుకుతారు, పొగ చెప్పేది దానికి సరిగ్గా వ్యతిరేకమైన సంగతి.

దీని అర్థమేమిటంటే మే నెల రాత్రి చల్లదనం కోసం నీటి అంచున పడక వేయడం వృథా. అక్కడ గాలి ఆరుబయటి మైదానంకంటే వెచ్చగా, తేమగా ఉంటుంది. తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్ళు జిడ్డుగా నిద్రపట్టకుండా చేస్తుంది. డిసెంబరులో అదే అంచు పల్లపు నేలకంటే వెచ్చన. అయితే అక్కడ మంచు ఎక్కువగా కురుస్తుంది.

దక్కనులో రాళ్ళను వదిలి చెరువు గురించి మాట్లాడటం కుదరదు. హైదరాబాదు నిలబడ్డ నల్లరాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్లను ఎవరూ పేర్చలేదు. భూమి లోపల పగుళ్ళు పారిన రాతిలో నీరు దిగి, ఆ పగుళ్ళ వెంట రాయి కుళ్ళి, మెత్తబడ్డ మట్టి కొట్టుకుపోగా గట్టి భాగాలు గుండ్లుగా మిగిలాయి. ఇలాంటి గుండు పక్కన డేరా వేయాలా వద్దా అన్నది కాలాన్ని బట్టి తేల్చుకోవాలి. పగలంతా ఎండ తాగిన రాయి రాత్రి తొమ్మిది పది దాకా వేడిని వెదజల్లుతూ ఉంటుంది. ఏప్రిల్‌లో దానికి దూరంగా జరగండి. జనవరిలో దాని పడమటి పక్కన పడుకోండి, సాయంత్రపు ఎండ చివరిదాకా పడేది అక్కడే.

రాత్రి నేలను చల్లార్చేది ఆకాశం. ప్రతి వస్తువూ తన వేడిని పరారుణ కిరణాలుగా వదులుతూనే ఉంటుంది. మబ్బు ఉంటే అది కొంత తిరిగి పంపుతుంది. నిర్మలమైన ఆకాశం తిరిగి పంపేది బాగా తక్కువ. డేరా పై గుడ్డ పలచటిది కాబట్టి గాలికంటే కూడా చల్లబడి, గాలిలోని తేమ దాని మీద బొట్లుగా కూడుకుంటుంది. చెట్టు కింద వేస్తే డేరాకు, ఆకాశానికి మధ్య కొమ్మలు అడ్డొచ్చి మంచు తగ్గుతుంది. పిడుగుల కాలంలో మాత్రం ఒంటరి చెట్టు కిందికి వెళ్ళొద్దు. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున లెక్కపెట్టుకుని, పది కిలోమీటర్ల లోపే అనిపిస్తే కారులోనో పక్కా కప్పు కిందనో ఉండటం మంచిది.

డేరా లోపలి తడికి వాన కారణం కాదు. నిద్రపోయే మనిషి ఊపిరితో, చర్మంతో గంటకు సుమారు 40 గ్రాముల నీటిని గాలిలోకి వదులుతాడు. నలుగురు ఎనిమిది గంటలు పడుకుంటే లీటరుకు పైగా. చలి అని డేరా కిటికీలన్నీ మూసేస్తే ఆ లీటరంతా గుడ్డకు పట్టి తెల్లారేసరికి మీ మీదే చినుకులై పడుతుంది. కింద ఒక పక్క, పైన ఒక పక్క గాలి ఆడనివ్వాలి. ఇంకొక సంగతి మరీ గట్టిగా చెప్పాలి. చలి కాగిన కుంపటిని, బొగ్గులు ఆరిపోయినట్టు కనిపించినా సరే, డేరాలోకి తేకూడదు. సగం కాలిన బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాడు లేవడు.

పడకకు చోటు వెతికేటప్పుడు మరీ పల్లం వద్దు. రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి నీళ్ళలాగే పల్లానికి జారి నిలుస్తుంది. కట్టకు ఎగువన, నీటికి కొంత దూరంగా, మనిషెత్తు మిట్ట దొరికితే అదే సరైన చోటు. అక్కడ గాలి కూడా ఆడుతుంది. గాలికి, దోమలకు ఉన్న లెక్క దీనితో ముడిపడి ఉంది.

దోమ చాలా బలహీనంగా ఎగురుతుంది. దాని వేగం సెకనుకు ఒకటి రెండు మీటర్లకు మించదు. ఆకులు కదిలేంత గాలి వీస్తే దానికి ఎదురీదడం కష్టం, పైగా మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు వాసన పట్టుకుని వెతుక్కుంటూ వచ్చే దారి కూడా చెదిరిపోతుంది. మూలన ఉన్న గుబురు పొదల్లో పడుకున్నవాడిని పీక్కుతిన్న దోమలు, మిట్ట మీద పడుకున్నవాడి జోలికి అంతగా రాకపోవడానికి కారణం ఇదే. దోమ విషయంలో హైదరాబాదుకు ప్రపంచ చరిత్రలోనే చోటుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ ఒక అనాఫిలిస్ దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమకు రక్తం ఇచ్చినవాడు హుస్సేన్ ఖాన్ అనే రోగి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా కూలి. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. హుస్సేన్ ఖాన్‌కు అణాలు మిగిలాయి.

మురికి చెరువు దోమలు ఎక్కువగా వేరే జాతివి. మలేరియా మోసే అనాఫిలిస్ దోమల్లో చాలావాటికి శుభ్రమైన నీరు కావాలి. మురుగు కలిసిన నీటిని ఇష్టపడేవి క్యూలెక్స్ దోమలు, బోదకాలును ఎక్కువగా మోసేవి అవే. గుర్రపుడెక్క కమ్మిన చెరువులో మాన్సోనియా అనే ఇంకో రకం చేరుతుంది. మామూలు దోమ పిల్లలు ఊపిరికి నీటి పైకి రావాలి. మాన్సోనియా పిల్లలు మొక్క వేళ్ళలోకి గొట్టం గుచ్చి అక్కడి గాలినే పీల్చుకుంటాయి. పైకి రాని పిల్లలను నీటిపై నూనె చల్లి చంపలేం. మొక్కను తీసేస్తే తప్ప ఆ దోమ పోదు.

గుర్రపుడెక్క అమెజాన్ ప్రాంతపు మొక్క, పూవు అందంగా ఉంటుందని దేశదేశాలకు మోసుకుపోయారు. మురుగులోని నత్రజని, ఫాస్ఫరస్ దానికి ఎరువు. అనుకూలిస్తే రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. నగరపు చెరువులన్నిటికీ పట్టిన పీడే ఇది, మీరాలానికీ తప్పలేదు. ఆకులు నీటిని కప్పేస్తే గాలి నీటిని కలియబెట్టలేదు, వెలుగు లోపలికి దిగదు. అలల మీదుగా నీటిలోకి చేరే ఆక్సిజన్ తగ్గిపోతుంది. పైన ఇంత పచ్చగా ఉంది కదా అని ఫొటోలు తీసుకునేవాళ్ళను చూస్తే నాకు నోరు పెగలదు. ఈత మాట ఇక్కడ ఎత్తడమే లేదు.

డెక్క లేని చోట నాచు ఉంటుంది. నాచు పగలు ఎండలో ఆక్సిజన్ తయారుచేస్తుంది. అందుకే పచ్చటి చెరువులో మధ్యాహ్నం మూడింటికి కొలిస్తే నీటిలో పట్టగలిగినదానికంటే ఎక్కువే కనిపించవచ్చు. రాత్రి ఎండ ఉండదు. నాచు, చేపలు, మురుగును కుళ్ళబెట్టే బ్యాక్టీరియా అన్నీ కలిసి ఆ నిల్వను పీల్చుకుంటాయి. 25 డిగ్రీల నీటిలో లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాముల దాకా ఉండవలసిన ఆక్సిజన్, తెల్లవారుజామున మూడు కంటే కిందికి దిగితే చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. మబ్బు పట్టిన రోజు తరవాతి తెల్లవారి ఇంకా ప్రమాదం, ముందు రోజు నిల్వ చేరి ఉండదు కనక. చేపలు తెల్లగా తేలాయన్న వార్తలు చాలావరకు పొద్దుటిపూటే రావడం ఇందుకే. విషం కలిపారని అనుమానించేముందు నీటిలో ఆక్సిజన్ ఎంత ఉందో కొలవాలి. పొద్దెక్కాక కొలిస్తే ఆ సాక్ష్యం చెరిగిపోయి ఉంటుంది.

ఇలాంటి నీటిలో రోహు, కట్ల చచ్చినా కొర్రమీను బతుకుతుంది. దాని తలలో మొప్పల పైన గాలి పీల్చుకునే ప్రత్యేకమైన గది ఉంది. నీటిలో ఆక్సిజన్ ఉన్నా లేకున్నా అది పైకి వచ్చి గాలి మింగితీరాలి, రాకుండా ఆపితే నీటిలోనే ఊపిరాడక చస్తుంది. 2016లో తెలంగాణ దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. బజారులో కొర్రమీనును బతికుండగానే తొట్లలో పెట్టి అమ్మగలగడం ఈ గది పుణ్యమే. మృగశిర కార్తెనాడు పాతబస్తీ దూద్‌బౌలిలో మొదలై నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి చేరిన చేపమందులో మింగించేదీ బతికున్న కొర్రమీను పిల్లనే. ఉబ్బసం దానితో తగ్గుతుందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. చేప మాత్రం ఊపిరి విషయంలో మనిషికంటే ఒక ఉపాయం ఎక్కువే నేర్చింది.

చెరువు పక్కన రాత్రి గడిపి పొద్దున్నే వంటకు చేప కొనేవాళ్ళు అందుకే కొర్రమీను తాజాదనాన్ని చూసి నీరు మంచిదని అనుకోకూడదు. అదే ఒడ్డున రోహు పిల్లలు నోళ్ళు తెరుచుకుని పైన తిరుగుతున్నాయా, లోపల ఈదుతున్నాయా అన్నది చూడాలి. అదీ సూర్యుడు వచ్చి గంట గడవకముందే.